మాడిన మెంతుల వాసన

అక్టోబరు 5, ఆదివారం

ఈ డైరీ అరబ్బీ పద్ధతిలో కుడి నుంచి తెరుచుకునేది. మా కఫీల్‌కి, అదే నన్ను ఈ రియాద్‌కి తెప్పించుకున్న యజమాని బాబాకి, ఎవరో కంపెనీ వాళ్ళు ఇస్తే నా వైపు విసిరాడు. నేను మన పద్ధతిలో ఎడమ నుంచే రాస్తాను. అంటే దీని చివరి పేజీ నాకు మొదటి పేజీ. నచ్చనివాళ్ళు చదవనక్కర్లేదు. అసలు చదవమని ఎవరన్నారు?

కోపమొచ్చింది కాబట్టి రాస్తున్నాను. మధ్యాహ్నం బాబా పిల్లలిద్దరినీ బడి నుంచి తెచ్చి దింపి, డ్రైవర్ గదిలో అన్నం ముందు కూర్చున్నాను. వంటింట్లోంచి మెంతులు మాడిన వాసన వచ్చింది. గొంతులోకి చేదు దిగేంత ఘాటుగా. "ఆపా, పోపు మాడుతుంది, సూస్కోరాదూ!" అని ఒక కేక పెట్టాను. తర్వాత కునుకు పట్టింది. లేచేసరికి నేల మీద ఉన్నాను. చొక్కా తడిసి ఉంది. కుడి చేతిలో పెద్ద గేటు ఇనప తాళంచెవి. మేరాజ్ బేగం ఆపా గొంతుక్కూర్చుని నా మొహంలోకి చూస్తోంది.

"ఫిట్స్ వచ్చినయ్ నీకు" అంది.

"నాకెందుకొస్తయ్ ఫిట్స్? నిద్ర వట్టింది."

"నిద్రల ఎవరన్న నాలిక కొరుక్కుంటరా? అద్దంల సూస్కో పో."

"మరి నా చేతిల ఈ తాళంచెవి ఏంది?"

"ఇనుము వట్టుకుంటే తగ్గుతది. మా అన్నకు మా అమ్మ గట్లనే పెట్టేది. తగ్గిందా లేదా?"

బోధన్ మనిషి ఈమె. ఈ ఇంట్లో వంట ఆమెది, బండి నాది. ఎవరి పని వాళ్ళు చూసుకోవాలి. పొయ్యి మీద మెంతులు మాడ్చి నాకు రోగం అంటగడతావా అన్నాను. "ఇంట్ల మెంతులే లెవ్వు స్వామీ" అంది. అట్లాంటివాళ్ళతో ఏం మాట్లాడతాం?

పోతూ పోతూ గడప దగ్గర ఆగింది. "రేపు పొద్దుగాల పిల్లలను నువ్వే తీస్కపోతవా?"

"నేను గాక మీ అన్న తీస్కపోతడా?"

నిద్ర తక్కువైంది. అంతే.

అక్టోబరు 6, సోమవారం

పిల్లల్ని దింపాను, తెచ్చాను. ఏమీ కాలేదు. చూశావా ఆపా?

అక్టోబరు 9, గురువారం

రెండు రోజులు రాయలేదు. ఏమీ జరగలేదు గనుక.

ఆస్పత్రికి పో, ఆస్పత్రికి పో అని చెవిలో జోరీగలా ఒకటే పోరు. ఈ రోజు "పోయొచ్చిన, నిద్ర తక్కువని చెప్పిండు డాక్టర్" అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. ఆస్పత్రి ముందు నుంచే వెళ్ళాను. లోపలికి పోలేదు, అదొక్కటే తక్కువ.

ఆమెకేం తెలుసు? పక్కింటి డ్రైవర్ ఇష్తియాక్‌కి కంట్లో శుక్లం అని తెలిసిన వారంలోనే ఎగ్జిట్ కొట్టి పెషావర్ పంపించారు. నా ఇఖామా కార్డు మీద, ఇక్కడ ఉండనిచ్చే ఆ కార్డు మీద, రాసింది డ్రైవర్ అని. ఖానాపూర్‌లో స్వర్ణ అందరికీ చెప్పుకునేది అదే, మా ఆయన రియాద్‌లో డ్రైవర్ అని. ఇక్కడ మలాజ్ వీధుల్లో ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను, ఒక్క గీత పడలేదు. చిన్నపాప జూరీ పొద్దున ఎక్కగానే తల వాల్చి నిద్రపోతుంది. బడి గేటు దగ్గర లేపితే "అప్పుడే వచ్చేశామా" అని గొడవ చేస్తుంది. కుదుపు లేకుండా నడిపితేనే కదా నిద్రపడుతుంది. అట్లాంటివాడికి ఫిట్సా?

అక్టోబరు 12, ఆదివారం

ఇది చాలదన్నట్టు ఇప్పుడు బండెక్కింది!

కూరగాయలు తానే ఏరుకుంటానని బాబా భార్యకి, మేడమ్‌కి చెప్పి పొద్దున్నే తయారై ముందు సీట్లో కూర్చుంది. పిల్లల్ని దింపాక మార్కెట్‌కి పోదాం అంది. దారంతా వాగుడు. వాళ్ళ అన్న గులాం మొహిద్దీన్ గడియారాలు బాగుచేస్తాడట, ముగ్గురు పిల్లలట, చిన్నప్పటి నుంచీ ఫిట్సేనట, అయినా బోధన్‌లో అతని చేతి గడియారం ఆగినట్టు ఎవరూ ఎరగరట. నేను రోడ్డు చూస్తుంటే ఆమె నా మొహం చూస్తుంది. సిగ్నల్ దగ్గర నేను కాసేపు మాట్లాడకపోతే మోచేతి మీద గిల్లింది. వెనక పిల్లలు ఒకటే నవ్వు.

"ఏందాపా గిల్లుడు?"

"ఉన్నవా లేవా అని సూసిన."

తీరా మార్కెట్‌కి పోతే ఏరిన కూరగాయలు రెండు కీరకాయలు.

అక్టోబరు 14, మంగళవారం

పాలు తెచ్చాను. బాబా వాళ్ళమ్మకి మందులు తెచ్చాను.

పాలు తెచ్చాను. బాబా వాళ్ళమ్మకి మందు

అక్టోబరు 15, బుధవారం

పైన రెండుసార్లు ఎందుకు రాశానో తెలియదు. పెన్ను సరిగ్గా పడుతుందా లేదా అని చూసి ఉంటాను.

అక్టోబరు 16, గురువారం

ఇస్త్రీ బట్టలకని పోయాను, ఒక్కడినే. తిరగాల్సిన మలుపు దాటిపోయి ఖురైస్ రోడ్డు మీద ఎక్కడో తేలాను. ఆలోచనలో పడితే ఎవరికైనా అవుతుంది. దాటిపోయే ముందు మళ్ళీ మెంతుల వాసన. రోడ్డు మీద ఎవరు మాడ్చారు? ఆ మలుపులో ఏదో హోటల్ ఉండి ఉంటుంది.

అక్టోబరు 18, శనివారం

ఆ మలుపులో హోటల్ లేదు. ఒక మందుల షాపు, టైర్ల కొట్టు ఉన్నాయి. టైరు కాలిన వాసన అయి ఉంటుంది. టైరు వాసన కూడా కొంచెం చేదుగానే ఉంటుంది.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. ఆపా సేమియా పాయసం చేసి గిన్నె తెచ్చింది. ఈ మనిషిని తిట్టకుండా ఒక్క పూట రాద్దామనుకుంటున్నాను. బాబా వాళ్ళమ్మ మంచం దిగలేదు, ఆమెని ఎత్తి స్నానం చేయిస్తుంది. ఇంటెడు మందికి వండుతుంది. మేడమ్ మీద, పిల్లల మీద గొంతు లేవదు, నా మీద మాత్రం లేస్తుంది. పండగని స్వర్ణకి ఫోన్ చేస్తే మధ్యలో లాక్కుని "స్వర్ణా, నీ మొగుడు నిద్రపోతలేడు, జెర చెప్పు" అంది. ఫిట్స్ అని చెప్పలేదు. చెప్పొచ్చు, చెప్పలేదు.

పాయసం బాగుంది. ఆమెకి చెప్పలేదు.

బండిలో అడిగింది, కాళ్ళ కింద పెడల్స్ మూడెందుకు, ఉన్నవి రెండు కాళ్ళే కదా అని. బండి నడుపుడు అంటే రొట్టెలు చేసుడు కాదాపా అన్నాను. రొట్టె గుండ్రంగా చేసి చూపియ్యి అప్పుడు మాట్లాడు అంది.

అక్టోబరు 28, మంగళవారం

మేడమ్ తన బడిలో పాఠం చెబుతూ ఉంటుంది. మన పిల్లల బడి విడిచే వేళ ఇంకా కాలేదు. అంతలోపు రాయాలి. అక్షరాలు ఎట్లా వస్తే అట్లా రానీ.

పొద్దున పిల్లలిద్దరూ దిగి గేటు లోపలికి పోయారు. అది నాకు గుర్తుంది. జూరీ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, అదీ గుర్తుంది. పక్కన రోజూలాగే ఆపా. మళ్ళీ బండి కదిలించాను. సందంతా పిల్లలు, సంచులు, రోడ్డు దాటుతున్న తల్లులు. అప్పుడు వాసన వచ్చింది. ఆపా చెబుతుంది, నేను ఆమె వైపు తిరిగి "పొయ్యి మీద ఏం పెట్టొచ్చినవ్?" అని అడిగానట. ఆ మాట నాకు గుర్తులేదు.

మిగిలింది కూడా ఆమె చెప్పిందే. నా మొహం ఒక పక్కకి లాగేసిందట. కాలు బిగుసుకుని బండి ముందుకు పోతుందట. ఆమెకి బ్రేకు ఏదో తెలియదు. తెలిసింది ఒక్కటే, ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని. ఇనుము ఎక్కడుంది? బండికి వేలాడుతోంది. రెండు చేతులతో తాళంచెవి తిప్పి, పీకి, గుత్తి మొత్తం నా పిడికిట్లో కుక్కి, వేళ్ళు మూసిందట. ఇంజను ఆగిపోయింది. గేరులోనే ఉంది కాబట్టి బండి ఎగిరెగిరి పడి కాలిబాటకి కొట్టుకుని నిలబడింది.

"బండి ఆగాలని తియ్యలే భాయ్" అంది తర్వాత. "అల్లా కసం, నేను నీ ఫిట్స్ ఆపుతున్న అనుకున్న."

నాకు తెలివొచ్చేసరికి చేతిలో తాళాలు. అద్దం లోంచి చూస్తే బంపరు ముందు ఒక చిన్నపిల్ల. మెడలో నీళ్ళ సీసా. ఎవరి పిల్లో తెలియదు. నన్నే చూస్తోంది. ఎవరో టీచరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ పిల్లకీ బండికీ మధ్య ఒక మనిషి కూర్చునేంత జాగా కూడా లేదు.

బడి కాపలాదారు బండిని పక్కకు నెట్టించి, ఎండ దెబ్బ అనుకుని నీళ్ళిచ్చాడు. మేమిద్దరం టాక్సీలో ఇంటికొచ్చాం. దారంతా ఆపా ఒక్క మాట మాట్లాడలేదు. వాగుడు లేకపోతే అంత భయంగా ఉంటుందని నాకు తెలియదు. గేటు దగ్గర దిగాక అంది.

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"చెప్తే ఎగ్జిట్ కొడ్తరాపా."

"కొడ్తరు."

"నిద్ర సరిగ్గ పోతే తగ్గుతది. రేపటి సంది..."

"స్వామీ, ఇన్ని రోజులు నీ పక్కకు కూసున్న. నేనున్నగదా, వట్టుకుంటగదా అనుకున్న. అది నా బేవకూఫ్ పని. ఇగ కూసోను. పిల్లలను తెచ్చే యాళ్ళ దాక ఆగుత. అటెనుక నేనే మేడమ్‌కు ఫోన్ చేస్త."

ఇప్పుడు గేటు మెట్టు మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. నా వైపు చూడటం లేదు. బండి బడి దగ్గరే ఉంది, తాళాలు నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు టాక్సీ ఎక్కితే పిల్లల్ని ఎక్కించుకుని రోజూలాగే ఇంటికొస్తాను. బంపరుకి పడిన సొట్ట పెద్దది కాదు. ఎవరికీ తెలియదు. ఆపా చెప్పినా వంటమనిషి మాట ఎవరు నమ్ముతారు?

ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను. థూ.

జూరీ ఎక్కగానే నిద్రపోతుంది. నిద్రలో ఉన్న పిల్లకి ఏం తెలుస్తుంది, డ్రైవర్ ఉన్నాడో లేడో.

అదే రోజు, సాయంత్రం

మేడమ్‌కి నేనే ఫోన్ చేశాను. పిల్లల్ని మీరే తెచ్చుకోండి, నేను నడపలేను, నాకు రోగముంది అన్నాను. ఆమె తన చిన్న కారులో పోయి తెచ్చుకుంది. తాళాలు ఆమె చేతిలో పెట్టాను.

అక్టోబరు 30, గురువారం

నిన్న బాబా దమ్మామ్ నుంచి వచ్చాడు. ఆయన అరుపుకి గోడ మీద పావురాలు లేచిపోయాయి. "నా పిల్లల్ని ఇన్ని రోజులు ఇట్లాగే తిప్పావా? నీకు పిల్లలు లేరా?" ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? తల వంచుకుని నిలబడ్డాను. ఖలాస్, ఇక అయిపోయింది, ఎగ్జిట్ అన్నాడు.

అప్పుడు ఆపా చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఈ ఇంట్లో బాబా ముందు ఆమె నోరు విప్పగా నేను చూడలేదు. తన వచ్చీ రాని అరబ్బీలో ఒక్క మాటంది. "వీడు దాచింది నిజం బాబా. కానీ తాళాలు ఎవరూ లాక్కోలేదు, వీడే తెచ్చిచ్చాడు. రేపు ఇంకో డ్రైవర్ వస్తాడు, వాడిస్తాడో ఇవ్వడో నాకు తెలియదు." అని లోపలికి పోయింది. చపాతీ మాడుతుందట.

బాబా నా వైపు తిరిగాడు. ముందు డాక్టర్‌కి చూపిద్దాం, తర్వాత చెబుతాను అన్నాడు.

నవంబరు 4, మంగళవారం

ఆస్పత్రి. బాబా తీసుకుపోయాడు. ఆపా కూడా వచ్చింది, ఫిట్స్ చూసినదాన్ని నేనే కదా, డాక్టర్ అడిగితే ఎవరు చెబుతారు అని. నన్ను గుండ్రటి మిషన్లో పెట్టి తల ఫోటో తీశారు. లోపల రేకుల షెడ్డు మీద సుత్తితో బాదినట్టు ఒకటే మోత.

అక్కడ సిస్టరు మన తెలుగమ్మాయి. సుజిత, నరసాపురం. డాక్టర్ ఈజిప్టు ఆయన. ఆయన అరబ్బీలో చెప్పింది ఆమె తెలుగులో చెప్పింది.

"మీ మెదడులో చిన్న మచ్చ ఉందండి. ఎప్పుడో ఒక పురుగు గుడ్డు కడుపులోంచి రక్తంలో కలిసి అక్కడికి చేరింది. అది చచ్చిపోయి గట్టిపడిపోయింది. దానివల్లే ఫిట్స్. భయపడకండి, మందులున్నాయి."

"ఏం పురుగు?"

ఆమె గొంతు తగ్గించింది. "పందుల్లో పెరిగే పురుగండి."

పక్కనే బాబా నిలబడి ఉన్నాడు. డాక్టర్ అరబ్బీలో ఇదే మాట ఆయనకి చెబుతున్నాడు. ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు ఉంది చూడండి! "నేను తినలే! మా అమ్మ మీద ఒట్టు, పంది ముట్టలే!" అని తెలుగులో అరిచాను, బాబాకి తెలుగు రాదని కూడా మరిచిపోయి.

"అయ్యో, తినక్కర్లేదండీ" అని సుజిత నవ్వేసింది. "ఆ గుడ్లు సరిగ్గా కడగని కొత్తిమీర మీదా, నీళ్ళల్లోనూ కూడా ఉంటాయి. ముక్క ముట్టనోళ్ళకీ వస్తుంది. మా ఊళ్ళో పూజారిగారబ్బాయికి వచ్చింది, ఏం చెప్పమంటారు." అదే మాట అరబ్బీలో బాబాకి చెప్పింది. ఆ అమ్మాయి అరబ్బీ ఎంత చక్కగా ఉందో! బాబా మొహం మెల్లగా సర్దుకుంది. ఆపా వైపు తిరిగి, ఇకనుంచి కొత్తిమీర రెండుసార్లు కడుగు అన్నాడు.

మెంతుల సంగతి డాక్టర్‌కి నేనే చెప్పాను. ఆ వాసన బయట ఉండదట. ఫిట్స్ మొదలవ్వడమే అట్లా మొదలవుతుందట, మెదడులో ఆ మచ్చ ఉన్నచోట. "అది వస్తే వెంటనే కింద కూర్చోండి, దగ్గరున్నోళ్ళని పిలవండి" అంది సుజిత. అంటే ఇన్ని రోజులూ నేను ఆపాని తిట్టిన తిట్లన్నీ ఉత్తవే. ఆపా నా వైపు చూసి కనుబొమ్మ ఒక్కటే ఎగరేసింది. ఇంట్లో మెంతులే లేవని మొదటి రోజే చెప్పిందిగా.

తర్వాత ఆపా వంతు. ఫిట్స్ వస్తే ఏం చేస్తారు అని అడిగితే గర్వంగా తాళాలు పెడతానంది.

"తాళాలూ వద్దు, ఉల్లిపాయా వద్దండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తగా ఏదన్నా పెట్టండి. నోట్లో ఏమీ కుక్కకండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా వెంటనే ఇక్కడికి తెచ్చెయ్యండి."

"మరి తాళాలు పెట్టంగనే తగ్గింది గదమ్మా?"

"దానంతట అదే తగ్గుద్దండి."

ఆపా మొహం చిన్నబోయింది. "మా అమ్మ ఉత్తగనే పెట్టిందా ఇన్నేండ్లు" అని గొణిగింది. అంతలోనే "కానీ బండైతే ఆగింది" అంది. ఆ కథ విని సుజిత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆపుకుని ఆపా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు పెట్టండి తాళాలు. బండిలో మాత్రం తప్పకుండా పెట్టండి" అంది.

పొద్దునొక గోలీ, రాత్రొక గోలీ. బండి మాత్రం డాక్టర్ సరేననే దాకా ముట్టకూడదు. అది ఏడాదైనా కావచ్చు, ఎప్పటికీ కాకపోనూ వచ్చు.

నవంబరు 9, ఆదివారం

స్వర్ణకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "గోలీ వేస్కున్నవా?" అంది. అంతే.

ఆపా వాళ్ళ అన్న వీడియోలో కనిపించాడు. కంటికి భూతద్దం కట్టుకుని, చేతిలో ఎవరిదో గడియారం విప్పి. "పెద్ద రోగమేం గాదు తమ్మీ" అన్నాడు. "బీపీ అసొంటిదే. గోలీ మర్వకు. బాయి కాడికి ఒక్కనివి పోకు. సిగ్గువడకు. సిగ్గువడి దాస్తెనే పానం మీదికొస్తది. నాకు పెండ్లిపీటల మీద వచ్చింది, తెల్సా? మా మామ నా కొత్త చెప్పు నా ముక్కు కాడ పెట్టిండు." అని విరగబడి నవ్వాడు. వెనక నుంచి వాళ్ళావిడ కూడా నవ్వుతోంది. అట్లా నవ్వుకునే మొగుడూ పెళ్ళాం నాకు ఎంత గొప్పగా కనిపించారో రాయలేను.

డిసెంబరు 3, బుధవారం

చెట్లకి నీళ్ళు పెడుతున్నాను. గేటు చూస్తున్నాను. ఎగ్జిట్ మాట బాబా మళ్ళీ ఎత్తలేదు. నాతో మాట్లాడటమూ లేదు. కొత్త డ్రైవర్ వీసా ఎక్కడో ఆగిందట. పొద్దున్నే పిల్లల్ని ఒక వైపు దింపి, తన బడికి ఇంకో వైపు పోలేక మేడమ్ అలసిపోతోంది.

ఈ రోజు ఆపా వంటింట్లో మేడమ్‌తో అంది, నేను నేర్చుకుంటాను బండి అని. మేడమ్ నవ్వింది. పిల్లలు నవ్వారు. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను. యాభై దాటిన మనిషి, సైకిలు తొక్కి ఎరగదు.

ఆమె మాత్రం నవ్వలేదు. "ఆ రోజు బ్రేక్ ఏడున్నదో తెలిస్తే తాళం పీకేదాన్ని గాదు" అంది. మేడమ్ నవ్వు ఆగిపోయింది.

డిసెంబరు 14, ఆదివారం

మేడమ్ ఆపాని ఆడవాళ్ళ డ్రైవింగ్ స్కూల్లో చేర్పించింది. బాబా సరేనన్నాడంటే నమ్మలేకపోయాను.

జనవరి 18, ఆదివారం

పరీక్ష పాసయింది! మొదటిసారి ఫెయిలైంది, రెండోసారి పాస్. లైసెన్స్ మీద ఫోటోలో మొహం చూస్తే ఎవరినో కొట్టడానికి పోతున్నట్టుంది.

కానీ వాళ్ళు నేర్పింది గేర్లు లేని బండి మీద. మన పాత బండికి గేర్లు. అది నేను తప్ప ఎవరు నేర్పాలి? ఇంటి వెనక ఖాళీ జాగాలో మొదలుపెట్టాం. మొదటి రోజంతా ఇంజను ఆగడం, ఎగిరి పడటం. "క్లచ్ మెల్లగ వదులాపా! పిండి పిసుకుతున్నవా?" అని అరిచాను. "పిండైతే నీకంటే మంచిగ పిసుకుత, చెప్పేది సక్కగ చెప్పు" అని ఆమె అరిచింది. గోడ అవతల ఎవరో కిటికీ తెరిచి చూశారు. తర్వాత ఆపా మళ్ళీ స్టార్టు చేసింది. కళ్ళు మూసుకుని, కాలు కొంచెం కొంచెం ఎత్తుతూ, ఇంజను చప్పుడు వింది. అట్లా వినాలని నేను చెప్పలేదు. నాకు ఎవరూ చెప్పలేదు, నాకే వచ్చింది. ఆమెకీ తనకే వచ్చింది. బండి మెల్లగా కదిలింది.

"వచ్చిందా?" అంది కళ్ళు తెరిచి.

"రోడ్డు సూడు, నన్నెందుకు సూస్తవ్?" అన్నాను. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఈ రోజు పిల్లల్ని ఆపా బడికి తీసుకుపోయింది. పక్కన మేడమ్ కూర్చుంది, మొదటి రోజని. నేను గేటు తీశాను. మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాను. నా సీటు, నా అద్దం, నా బండి. ఏడుపొచ్చింది. ఇక్కడ కూడా దాచడం ఎందుకు?

తిరిగొచ్చాక బాబా బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా కొత్త గీత లేదు. నా వైపు తిరిగి "బాగా నేర్పావు" అన్నాడు. అక్టోబరు తర్వాత నాతో అన్న మొదటి మంచి మాట ఇదే. ఎగ్జిట్ లేదు, గేటు చూసుకో అన్నాడు.

ఏప్రిల్ 14, మంగళవారం

ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. డైరీ ఆపానే తెచ్చిచ్చింది. లోపల చదవలేదట. ఆమెకి తెలుగు చదవడం రాదు, అయినా చదవలేదని చెప్పింది.

మూడు రోజులుగా జ్వరం, వాంతులు. వేసుకున్న గోలీ వేసుకున్నట్టే బయటికి. నిన్న పొద్దున కొంచెం తేలికగా ఉందని చెట్లకి నీళ్ళు పెడుతున్నాను. ఆపా పిల్లల్ని దింపి అప్పుడే వచ్చి వంటింట్లో ఉంది. వాసన వచ్చింది. చేదుగా, గొంతులోకి. ఈసారి టైర్లూ కాదు, హోటలూ కాదు. పైపు కింద పెట్టాను. గడ్డి మీద పక్కకి తిరిగి పడుకున్నాను. ఉన్న బలమంతా పెట్టి కేకేశాను.

"ఆపా! మెంతులు మాడుతున్నయ్!"

తర్వాతది ఆమె చెప్పింది. పొయ్యి వైపు చూడనైనా చూడకుండా ఉరికొచ్చిందట. పక్కకి తిప్పి పట్టుకుందట. తగ్గింది. తెలివి రాకముందే మళ్ళీ వచ్చింది. ఆపా బండి ఎక్కాక బాబా వాళ్ళమ్మకని కొత్తగా పెట్టిన ఇండోనేషియా అమ్మాయి సాయం పడితే ఇద్దరూ కలిసి నన్ను వెనక సీట్లోకి ఎక్కించారట.

నాకు తెలివొచ్చింది బండిలో. తల కింద ఆపా దుపట్టా మడిచి ఉంది. ముందుగా నా చెయ్యి చూసుకున్నాను, అలవాటు. ఖాళీగా ఉంది. తాళాలు ఏమయ్యాయా అనుకున్నాను. అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. తాళాలు ఉండాల్సినచోటే ఉన్నాయి. సీటులో ఆపా వీపు నిటారుగా, రెండు చేతులూ స్టీరింగ్ మీద.

"లేసినవా? మల్ల వచ్చింది భాయ్. సుజితమ్మ చెప్పింది గదా, తీస్కపోతున్న. మాట్లాడకు, పండుకో." అని తనే మాట్లాడుతూ పోయింది. సేమియా, పిల్లలు, బాబా వాళ్ళమ్మ నడుం నొప్పి, గులాం మొహిద్దీన్ కొడుక్కి వచ్చిన మార్కులు. ఖురైస్ రోడ్డు మలుపులో ఇండికేటర్ వేయకుండానే తిప్పింది. చెబుదామని నోరు తెరిచాను. నాలుక వాచి మాట రాలేదు. మూడో గేరు వేసింది. బండి కుదపలేదు.

చెప్పడం మానేసి కళ్ళు మూసుకున్నాను. ముందు సీట్లో మన మనిషి ఉంటే జూరీకి అంత తొందరగా నిద్ర ఎట్లా పట్టేదో అప్పుడు తెలిసింది.